కుట్టేసిన నోరు, విరిగిన పాలు: పాలమూరులో మూడు పాముల కేసు

ఈ కేసులో రోగులు మూడు. ఒక నాగుపాము, ఒక రెండు తలల పాము, ఒక నీరుకట్టు. నాగుల చవితి నాడు ఊరూరా తిప్పుతుంటే అటవీశాఖ సిబ్బంది పట్టుకుని, మరునాడు పొద్దున్నే మా పశువైద్యశాలకు తెచ్చారు. మూడింటికీ పోసింది దాదాపు ఒకటే: పాలు, పచ్చిగుడ్డు సొన. చెడింది మాత్రం మూడింటికి మూడు రకాలుగా. పాము అనగానే "ఎలుకను వేస్తే సరి" అనేవాళ్లకూ, పస్తులున్న జీవమని జాలిపడి ముందు తిండే పెట్టేవాళ్లకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. నా దగ్గరికి రోజూ వచ్చేవి గొర్రెలు, బర్రెలు. అయినా ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో పనిచేసే పశువైద్యుడికి పాము ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాక తప్పదు.

బుట్టలు విప్పినప్పుడు

నాగుపాము నాలుగడుగుల పైచిలుకు ఉంది, బరువు 410 గ్రాములు. ఆ పొడవుకు అది బాగా తక్కువ. వెన్నుపూస గట్టులా పైకి తేలింది. పక్కన చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలితే మడత అలాగే నిలిచిపోయింది. కళ్లు లోపలికి పీక్కుపోయాయి. నోటికి రెండు పక్కలా నల్లదారంతో కుట్లు. ముందు మాత్రం నాలుక ఆడేంత సందు వదిలారు, నాలుక ఆడకపోతే చూసేవాళ్లు చచ్చిందనుకుంటారు కదా. కుట్ల చుట్టూ పెదవి పొలుసులు ఉబ్బి పచ్చబడ్డాయి. చెవి దగ్గర పెట్టి వింటే ఊపిరి తీసిన ప్రతిసారీ సన్నగా గురగుర.

రెండు తలల పాము ఒళ్లు బాగానే ఉంది. తోక మొద్దుగా, తలలాగే ఉండడమే దీని ప్రాణం మీదికి తెచ్చింది. అదృష్టం తెస్తుందనీ, తూకం పెరిగేకొద్దీ ధర పెరుగుతుందనీ ప్రచారం చేసి దీన్ని దొంగచాటుగా అమ్ముతారు. తూకం కోసం గొంతులో ఏదో ఒకటి పోస్తారు. బుట్ట అడుగున కంపుకొట్టే పసుపు కక్కు, అందులో అరగని గుడ్డుసొన కనిపించాయి.

నీరుకట్టు రెండడుగులది, చిక్కింది గానీ చురుగ్గా ఉంది. మూత తీయగానే మెడ చదునుచేసి చేతి మీదికి ఎగిరింది. ఈ పాముకు అది మంచి లక్షణం. దాని బుట్టలో ఎండిపోయిన మటన్ ముక్క ఒకటి పడుంది.

వాంగ్మూలం కోసం పాములాడించే పెద్దాయనను కూడా వెంట తెచ్చారు. కేసు చరిత్ర చెప్పగలిగింది ఆయన ఒక్కడే. "తాతా, దీనికి తిండి ఎప్పటి నుంచి లేదు?" అని అడిగాను.

"పండుగ ముంగట బంద్ జేస్తం సార్. నీళ్లు గూడ బంద్. గట్లయితెనే చవితి నాడు పాలు తాగుతది."

రోగ నిర్ధారణలో సగం ఆయన మాటలోనే దొరికింది. వారాల తరబడి చుక్క నీరు లేని జీవం ముందు తడిగా ఏది పెట్టినా తాగుతుంది. అది ఆకలి కాదు, భక్తికి మెచ్చడమూ కాదు. పాలు క్షీరదాల పిల్లల తిండి. పాము గుడ్డులోంచి వచ్చినా, కొన్ని జాతుల్లో లాగా తల్లి కడుపులోంచి నేరుగా వచ్చినా, పుట్టిన రోజు నుంచి పాలెరుగదు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను విడగొట్టే ఎంజైమ్ దాని పేగులో లేదు. లోపలికి పోయిన పాలు అరగక పులుస్తాయి, పేగు మంటెక్కుతుంది, ఒంట్లో మిగిలిన కాస్త నీరూ విరేచనంలో పోతుంది.

ఊపిరితిత్తుల సంగతి ఇంకా ముఖ్యం. పాము శ్వాసనాళం మూతి నోటి అడుగునే, నాలుక ఒరకు వెనకాలే తెరుచుకుంటుంది. ఎరను మింగేటప్పుడు ఆ మూతిని ముందుకు చాచి గాలి పీల్చుకుంటుంది. కుట్టేసిన నోట్లో సందులోంచి పాలు పోస్తే అవి సరాసరి అందులోకే దారి తీస్తాయి. పాముకు మనలా ఛాతీ కింద డయాఫ్రమ్ అనే కండరం లేదు, దగ్గి బయటికి నెట్టలేదు. నాగుపాముకు నిజంగా పనిచేసే ఊపిరితిత్తి ఒక్కటే, కుడిది. ఆ ఒక్కదానిలోకి పాలు పోతే నిమోనియా రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ముందు చేసినవి, కావాలని ఆపినవి

కోరలు పీకేశాం, ఏం కాదని పెద్దాయన భరోసా ఇచ్చాడు. ఆ మాట మీద ఏ పామునూ పట్టుకోకూడదు. పాము కోరలు ఊడితే వెనకాల వరుసలో సిద్ధంగా ఉన్నవి ముందుకొస్తాయి, బతికినంత కాలం ఆ మార్పు జరుగుతూనే ఉంటుంది. యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి, పామును పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలోకి ఎక్కించి, తల మాత్రం అంచు దగ్గర ఉండేలా పట్టుకున్నాకే పని మొదలుపెట్టాం. మన దేశంలో దొరికే పాలీవేలెంట్ యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికి పనిచేస్తుంది. ఒక పాముకు వైద్యం చేసే ముందు ఆ మందు ఎంత దూరంలో ఉందో తెలిసి ఉండాలి.

దారాన్ని గోరువెచ్చని సెలైన్‌తో నానబెట్టి ఒక్కో కుట్టూ కత్తిరించాను. లాగితే పెదవి చీలుతుంది. నోరు తెరుచుకోగానే పుల్లటి వాసన. అంగిలి మీద, దంతాల వరుస పక్కన తెల్లటి పెచ్చులు. వాటిలో కొన్ని విరిగిన పాల ముద్దలు, కొన్ని చీము. పాముల చీము మన చీములా కారదు, జున్నుముక్కలా గట్టిపడి అంటుకుని ఉంటుంది. అందుకే మందు పూస్తే చాలదు, ఒలిచి తీయాల్సిందే. బాగా పలుచన చేసిన క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశకంతో కడుగుతూ దూది పుల్లతో తీశాను. కోరలు రెండూ విరిచారు గానీ దవడ ఎముకను కాల్చలేదు. చాలాసార్లు కాలుస్తారు, అప్పుడు కొత్త కోర రాదు, ఆ పాము ఇక అడవికి పనికిరాదు. ఇక్కడ ఆశ ఉంది.

యాంటీబయోటిక్‌గా సెఫ్టాజిడిమ్, కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున 72 గంటలకు ఒకసారి. ఈ పాముకు అంటే 8 మిల్లీగ్రాములు. గ్రాము వయల్ కలిపాక మిగిలినదంతా చిన్న చిన్న సిరంజిల్లో నింపి ఫ్రీజర్‌లో పెట్టుకున్నాను. ఇంజెక్షన్ ఎప్పుడూ శరీరం ముందు మూడో వంతులోనే. వెనక భాగం రక్తం కిడ్నీల మీదుగా పోయే దారి ఉంది కాబట్టి ఈ జాగ్రత్త. నొప్పికి మెలాక్సికామ్ ఆ రోజు ఇవ్వలేదు. ఎండిపోయిన కిడ్నీల మీద ఆ మందు వేయడం ప్రమాదం, నీరు పట్టాకే ఇచ్చాను.

తిండి కూడా ఆ రోజు ఇవ్వలేదు, ఆ తర్వాత రోజుల్లోనూ ఇవ్వలేదు. బీట్ ఆఫీసర్ మేడమ్‌కు అది నచ్చలేదు. "సార్, అది అసలే బొక్కలు తేలి ఉంది, చిన్న ఎలుకైనా వేద్దాం" అన్నారు. ఆ జాలి నాకు అర్థమవుతుంది. కానీ పాముకు అరిగించుకోవడం అంటే చిన్న పని కాదు. బర్మీస్ కొండచిలువల్లో పెద్ద భోజనం తర్వాత 48 గంటల్లో గుండె కండ 40 శాతం దాకా పెరుగుతుందని కొలిచి చూశారు. పేగు కూడా ఉబ్బి మందమవుతుంది. పస్తున్నప్పుడు మూసిపెట్టిన యంత్రాన్ని మళ్లీ నడపడానికి నీరు కావాలి, వెచ్చదనం కావాలి, లవణాలు కావాలి. అవేవీ లేని పాము కడుపులో ఎలుక అరగదు, కుళ్లుతుంది. ఒకవేళ అరిగితే, రక్తంలోని పొటాషియం, ఫాస్ఫేట్ ఒక్కసారిగా కణాల్లోకి వెళ్లిపోయి, బాగుపడుతోంది అనుకుంటున్న పాము హఠాత్తుగా చచ్చిపోవచ్చు. పస్తులున్న జీవాన్ని తిండి కూడా చంపుతుంది.

కాబట్టి ముందు నీళ్లు. కిలోకు రోజుకు 20 మిల్లీలీటర్ల లెక్కన గోరువెచ్చని ద్రవం చర్మం కింద, దాంతో పాటు మెడ మునగని లోతు నీళ్లున్న టబ్బు. పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు. నాగు కాసేపు కదలకుండా పడుకుని, తర్వాత మూతిని నీటి అంచుకు ఆనించింది. దవడ కింద కండరం సన్నగా లోపలికీ బయటికీ కదలడం మొదలైంది. తల ఎత్తకుండా, ఆగకుండా తాగుతూనే ఉంది. పెద్దాయన వంగి చూశాడు.

"చూడు తాతా, ఇప్పుడు పాలు లేవు కదా."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "దూప మీదున్నది సార్," అన్నాడు చివరికి.

ఆయన మీద నాకు కోపం లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత పామును పట్టడం, ఆడించడం నేరమైంది. ఆ విద్య తప్ప వేరేది తెలియని కుటుంబాలకు బతుకుతెరువు ఎవరూ చూపలేదు. తమిళనాడులో పాములు పట్టే గిరిజనులైన ఇరుళ వాళ్లు 1978లో సహకార సంఘం పెట్టుకుని, అనుమతితో పాములను పట్టి, విషం తీసి, యాంటీవెనమ్ తయారీకి అమ్మి, పాములను తిరిగి వదిలేస్తున్నారు. పాము ఏ పుట్టలో ఉందో నేల చూసి చెప్పగల ఈ పెద్దాయన చేతికి కూడా అలాంటి పని దొరకాలి.

వెచ్చదనం సంగతి. కార్తీకంలో మా వైపు రాత్రిళ్లు చలి మొదలవుతుంది. పాము ఒంటి వేడి చుట్టూ ఉన్న వేడే. 30 డిగ్రీల దగ్గర దాని జీర్ణరసాలు బాగా పనిచేస్తాయి, చల్లబడితే కడుపులోది కదలదు. పెట్టెలో ఒక పక్క కింద థర్మోస్టాట్ ఉన్న హీటింగ్ ప్యాడ్, ఇంకో పక్క చల్లగా, రెండు పక్కలా దాక్కోవడానికి బోర్లించిన కుండపెంకులు. పాము తనకు కావలసిన వేడిని తానే వెతుక్కుంటుంది, ఆ అవకాశం ఇస్తే చాలు. వేసవిలో అయితే ఇదే పాలమూరులో చల్లబరచడం మీదే నా ధ్యాసంతా ఉండేది.

ఎవరి తిండి వారిదే

ఈ నేల మీద పాములు తినేవి చూస్తే ఒకదానికీ ఒకదానికీ పొంతన ఉండదు. పూలకుండీ మట్టిలో వానపాములా కనిపించే గుడ్డిపాము చీమల, చెదల గుడ్లూ పిల్లలూ తింటుంది. గుట్టల మీద రాళ్ల కింద ఉండే చిన్న పింజర తేళ్లు, జెర్రులు, బల్లులు, చిట్టెలుకలు, ఏది దొరికితే అది. కట్లపాముకు సాటి పాములంటే ఇష్టం. కట్లపామును పట్టి ఎలుకలు వేసి, తినడం లేదని ఆందోళన పడ్డవాళ్లను చూశాను. పసిరిక పాము చెట్ల మీద బల్లులను, తొండలను, చిన్న పిట్టలను పడుతుంది. రక్తపింజర పిల్లప్పుడు బల్లులు తిని, పెద్దయ్యాక ఎలుకల మీద పడుతుంది. ఒకే చోట రోజుల తరబడి కాపు కాసి, కాటేసి వదిలేసి, వాసన పట్టుకుని వెళ్లి చచ్చిన ఎలుకను తింటుంది. జెర్రిపోతుకు విషం లేదు, కాపు కాసే ఓపికా లేదు. ఎలుకను, కప్పను తరిమి పట్టి, ఒంటితో నేలకు అదిమి, చాలాసార్లు బతికుండగానే మింగేస్తుంది. విదర్భ వైపు పక్షిగుడ్లు తప్ప మరేమీ తినని పాము కూడా ఉంది. గుడ్డును పగలకుండా మింగి, గొంతులోకి పొడుచుకొచ్చిన వెన్నుపూస ముళ్లతో లోపలే పగలగొడుతుంది. మన మూడు పాముల్లో ఏదీ ఆ రకం కాదు.

నాగుపాము వీటన్నిటిలో పట్టింపు లేనిది. ఎలుకలు, కప్పలు, బల్లులు, పిట్టలు, గుడ్లు, వేరే పాములు అన్నీ తింటుంది. అందుకే వరి మళ్ల గట్ల మీదా, వేరుశనగ చేలలోనూ, కోళ్ల గూళ్ల దగ్గరా కనిపిస్తుంది. రెండు తలల పాము వదులు మట్టిలో దాగి, పైన తిరిగే ఎలుకను చుట్టి నలిపి తింటుంది. నీరుకట్టుకు చెరువే సర్వస్వం: చేపలు, కప్పలు.

ఇక ఎలుక ఎక్కడి నుంచి తేవాలి? పొలంలో బోనుపెట్టి పట్టిన ఎలుక వద్దు. మా వైపు వరికీ, గోదాములకూ జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందులు విరివిగా వాడతారు. మందు తిని మత్తుగా తిరిగే ఎలుకే ముందు దొరుకుతుంది. హైదరాబాద్ నుంచి ప్రయోగశాల రకం తెల్ల ఎలుకలను, చంపి గడ్డకట్టించినవి తెప్పించాను. బతికిన ఎలుకను పెట్టెలో వదలడం నేను ఒప్పుకోను. ఆకలి లేని పాము పక్కన రాత్రంతా ఉన్న ఎలుక పామునే కొరికి వెన్ను బయటపెట్టిన గాయాలకు వైద్యం చేశాను.

మూడూ ఎలా తిన్నాయి

నీరుకట్టు అందరికన్నా తేలికగా లొంగింది. తెల్ల ఎలుకను పట్టించుకోనే లేదు. వెడల్పు తొట్టిలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, రవ్వు చేపపిల్లలు వదిలితే పక్కనుంచి తల తిప్పి కొట్టి, తలవైపు నుంచి మింగింది. జెల్ల, మార్పు లాంటి ముళ్ల చేపలు వేయవద్దని తెచ్చిన కుర్రాడికి గట్టిగా చెప్పాను, ముల్లు విప్పుకుంటే గొంతు చీలుతుంది. ఎక్కువ కాలం చేపల మీదే ఉంచాల్సి వస్తే ఇంకో చిక్కు ఉంది. కొన్ని చేపల్లో విటమిన్ బి1ను విరిచేసే ఎంజైమ్ ఉంటుంది, ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. అలాంటి చేపలే తిన్న పాము కొన్నాళ్లకు వణుకుతుంది, వెల్లకిలా తిరిగితే సర్దుకోలేదు. ఈ పామును అంతకాలం ఉంచలేదు, కండ పట్టగానే చెరువు దగ్గర వదిలేశాం.

రెండు తలల పాముకు మందు ఏమీ ఇవ్వలేదు, పస్తు పెట్టాను. కక్కిన పాము కడుపు గోడ ఒలిచినట్టు ఉంటుంది, జీర్ణరసాలు మళ్లీ ఊరడానికి పదీ పదిహేను రోజులు నీళ్లు తప్ప మరేదీ పెట్టకూడదు. ఆ గడువు తర్వాత కూడా పెట్టిన ఎలుకను ముట్టలేదు. పెట్టె అడుగున కాగితం తీసి జానెడు లోతు ఇసుక మట్టి పోశాం. క్షణాల్లో లోపలికి వెళ్లిపోయి కళ్లు మాత్రం బయట పెట్టింది. ఆ సాయంత్రం వేడి నీళ్లలో వెచ్చబరిచిన చిట్టెలుకను పటకారతో మట్టి మీద మెల్లగా లాగితే కింద నుంచి లేచి పట్టి, మూడు చుట్లు చుట్టింది. ఎలుక ముందే చచ్చి ఉంది, అయినా గుండె ఆగే దాకా అన్నట్టు బిగించింది. చాలా కేసుల్లో తిననిది పాము కాదు, దానికి తినే చోటు మనం ఇవ్వలేదు అంతే.

నాగుపాము కాలం తీసుకుంది. నీరు పట్టాక మొదట కనిపించే మంచి గుర్తు మలంలో ఉంటుంది. ఎండిన పాము గట్టి పసుపు రాళ్లలా విసర్జించే యూరేట్లు, అంటే దాని మూత్రంలోని గట్టి పదార్థం, తెల్లగా, తడి సున్నంలా వచ్చాయి. అప్పుడు పిల్లుల కోసం అమ్మే మాంసం రికవరీ ఫుడ్‌ను పలుచన చేసి, మెత్తటి ట్యూబుతో 4 మిల్లీలీటర్లు, ఒంటి బరువులో ఒక శాతం. ట్యూబును శ్వాసనాళం మూతి కనపడుతుండగా దాని పక్క నుంచి దించాలి. కక్కలేదు. కొన్ని రోజుల వ్యవధితో మెల్లగా పెంచాను. గురగుర తగ్గింది.

నోటి పుండ్లు మాని, అంగిలి గులాబీ రంగుకు వచ్చాక 15 గ్రాముల చిట్టెలుకను పెట్టాను. పడగ విప్పి బుసకొట్టింది తప్ప ముట్టలేదు. తెల్ల ఎలుక వాసన అడవి పాముకు తెలియదు. దానికి తిండి అనేది నాలుక చివర అంటుకుని అంగిలిలో వాసన పసిగట్టే జాకబ్సన్ అవయవానికి చేరే వాసన. హేచరీలో పుట్టగానే తీసేసిన కోడిపిల్ల నూగును ఎలుక మూతికీ వీపుకూ రుద్ది, చీకటి పడ్డాక పెంకు ముందు వదిలి, గది దాటి వచ్చేశాం. పొద్దున పెంకు ముందు ఏమీ లేదు, పాము మధ్యలో ఒక ఉబ్బు. తర్వాతి ఎలుకలకు ఆ నూగు అవసరం రాలేదు.

నన్ను చివరి దాకా ఇబ్బంది పెట్టింది ఎడమ పెదవి మూల. పాము ఎర మింగేటప్పుడు దవడ ఊడుతుందని చాలామంది అనుకుంటారు. ఊడదు. కింది దవడ రెండు సగాలు గడ్డం దగ్గర సాగే బంధంతో మాత్రమే కలిసి ఉంటాయి, కుడి సగం ఒకసారి, ఎడమ సగం ఒకసారి ముందుకు జరుగుతూ ఎర మీదికి నోరు నడుస్తుంది. దానికి పెదవుల పక్క చర్మం రబ్బరులా సాగాలి. కుట్లు వేసింది సరిగ్గా అక్కడే. ఎడమ మూలలో మచ్చ గట్టిపడి, 30 గ్రాముల ఎలుకను మింగేటప్పుడు ఆ పక్క పట్టేసినట్టు ఆగి ఆగి కదిలింది. కప్పలూ చిట్టెలుకలూ తిని బతకొచ్చు, కానీ ఎండాకాలం కప్పలుండవు. అందుకే తొందరపడలేదు. ఎలుక పరిమాణాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోయాం. మింగడమే ఆ మచ్చకు వ్యాయామమైంది. 60 గ్రాముల ఎలుకపిల్లను ఆగకుండా మింగిన రోజు, రెండు పక్కలా కొత్త కోరలు ఒరల్లో కుదురుకున్నాయని చూసుకున్నాక, వదలొచ్చని రాసిచ్చాను. బరువు అప్పటికి 590 గ్రాములు. అటవీశాఖ అనుమతితో పట్టిన మండలంలోనే, ఊరికి దూరంగా, చెరువూ పుట్టలూ ఉన్న చోట వదిలాం. రెండు తలల పామును అంతకు ముందే ఎర్ర ఇసుక నేలలో వదిలారు, చోటు పేరు కావాలనే ఎక్కడా రాయలేదు.

బీట్ సిబ్బందికి నేను అడిగేది కొంచెమే. పామును పట్టగానే తిండి పెట్టకండి, పాలు అసలే వద్దు. గాలి తగిలే డబ్బాలో గుడ్డసంచిలో ఉంచి, ఎండకూ చలికీ దూరంగా తెండి. దారి పొడుగైతే మధ్యలో లోతు తక్కువ పళ్లెంలో నీళ్లు చూపించండి. నోరు కుట్టి ఉంటే మీరు విప్పకండి. బుట్టను పారేయకుండా అడుగున ఉన్న దానితో సహా తెండి. ఆ పామును ఉంచుకున్న మనిషితో కేసు సంగతి తర్వాత మాట్లాడవచ్చు, ముందు కూర్చోబెట్టి నెమ్మదిగా అడగండి: ఎన్నాళ్లయింది, ఏం పోశారు, ఎప్పుడు కక్కింది, నీళ్లు ఎప్పుడు ఇచ్చారు.